దానిమ్మ తొక్క, ఉల్లిపొట్టు, ఇరానీ చాయ్ పిప్పి: తుప్పును ఆపాలంటే ఏ పనికి ఏది?

శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో ఆ గుడ్డ మీద గీత గీస్తే నల్లగా తేలుతుంది, ఉతికినా పోదు. కరక్కాయలోని వగరు ఇనుమును గట్టిగా పట్టేసుకోవడమే అందుకు కారణం. పాతకాలంలో కరక్కాయ, అన్నభేది (ఐరన్ సల్ఫేట్) కలిపి సిరా కాచుకున్నదీ ఇదే సూత్రం మీద. ఆ వగరు దానిమ్మ తొక్కలో ఉంది, చింతగింజ పొట్టులో ఉంది, టీ ఆకులో ఉంది. హైదరాబాద్‌లో ఇవన్నీ రోజూ చెత్తబుట్టలోకి పోతున్నవే. వీటితో ఇనుమును తుప్పు నుంచి కాపాడుకోవచ్చా అంటే కాపాడుకోవచ్చు. కానీ అన్ని చోట్లా కాదు, అన్నిటితోనూ కాదు.

చాలామంది "ఏ తొక్క మంచిది?" అని మొదలుపెడతారు. అంతకంటే ముందు "ఇనుము ఎక్కడ ఉంది, దాన్ని తింటున్నది ఏమిటి?" అని అడగాలి. తుప్పు తీసే యాసిడ్ తొట్టిలో బ్రహ్మాండంగా పనిచేసిన తొక్కల కషాయం వానలో తడిసే గేటు మీద ఏమీ చేయకపోవచ్చు. తొట్టిలో కషాయం ఎప్పుడూ చుట్టూ ఉంటుంది కాబట్టి ఇనుము మీద పొర తెగినచోట మళ్లీ పొర కడుతుంది. గేటు మీద పూసిన దాన్ని మొదటి వానే కడిగేస్తుంది.

ఏ పనికి పనికొస్తుంది, ఏ పనికి రాదు

పనికొచ్చేవి రెండే. ఒకటి, ప్లేటింగ్‌కో గాల్వనైజింగ్‌కో ముందు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ముక్కల మీది తుప్పు, స్కేల్ (వేడికి కట్టిన నల్లటి పెచ్చు) తీయడానికి వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ తొట్టి. యాసిడ్ పని తుప్పును కరిగించడం, కానీ తుప్పు పోగానే కింద ఉన్న మంచి ఇనుమునూ తినడం మొదలుపెడుతుంది. ఇక్కడ కషాయం ఇనుము మీద సన్నని పొరలా అంటుకుని ఆ తినడాన్ని తగ్గిస్తుంది. రెండోది, ఇప్పటికే తుప్పు పట్టిన గ్రిల్లు, గేటు, యాంగిల్ ముక్కల మీద పెయింట్‌కు ముందు పూసే తుప్పు మార్పిడి పూత.

మిగతా చోట్ల మా సలహా వద్దనే. బాలానగర్, జీడిమెట్ల లేతు షాపుల్లో మెషీనింగ్ అయిన ముక్కలు డిస్పాచ్ దాకా తుప్పు పట్టకుండా ఉండాలంటే రస్ట్ ప్రివెంటివ్ ఆయిలో వీసీఐ పేపరో (తుప్పును ఆపే ఆవిరి వదిలే కాగితం) వాడండి. కషాయంలోని చక్కెరలు గాలిలో తేమను లాక్కుంటాయి, బూజు పడుతుంది, ముక్క మీద మరక మిగులుతుంది. ఏసీ ప్లాంటు కూలింగ్ టవర్ నీళ్లలో పోస్తే బ్యాక్టీరియాకు మేత వేసినట్టే, పైపుల్లో జిగురు పేరుకుంటుంది. కాంక్రీటులో కడ్డీల కోసం సిమెంటులో కలపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. చక్కెర కొంచెం ఉన్నా సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది.

యాసిడ్ తొట్టికి ఏ తొక్క?

*ఉల్లిపొట్టు.* యాసిడ్ తొట్టికి మేం మొదట సూచించేది ఇదే. పై పొట్టు పుట్టుకతోనే ఎండి ఉంటుంది, ఆరబెట్టే బాధ లేదు. తడీ చక్కెరా తక్కువ కాబట్టి బస్తాలో నెలల తరబడి నిలవ ఉంటుంది. మలక్‌పేట ఉల్లి మార్కెట్లోనూ, బిర్యానీ వండే హోటళ్ల వెనకాలా బస్తాల కొద్దీ దొరుకుతుంది. పనిచేసే పదార్థం క్వెర్సెటిన్, దాని సంబంధీకులు. వాటిలోని ఆక్సిజన్ పరమాణువులు, వలయాలు ఇనుము ఉపరితలానికి అంటుకుంటాయి. లోపం ఒకటుంది: క్వెర్సెటిన్ ఉత్త నీళ్లలో సరిగా కరగదు. నీళ్లలో 30 శాతం దాకా ఇథనాల్ కలిపి కాస్తే దిగుబడి బాగా పెరుగుతుంది. అలా చేస్తే నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కాయాలి. ఇంకో జాగ్రత్త, కండ ఉన్న పచ్చి పొరలు కలవకూడదు. వాటిలోని చక్కెరతో కషాయం రెండో రోజుకే పులుస్తుంది.

*దానిమ్మ తొక్క.* బలంలో ఉల్లిపొట్టుకు తీసిపోదు. ఉత్త నీళ్లలోనే బాగా దిగుతుంది, అది పెద్ద సౌలభ్యం. జ్యూస్ బండ్ల దగ్గర అడిగితే సంచీలో వేసి ఇస్తారు. కానీ యాసిడ్‌లో రెండు తిరకాసులున్నాయి. ఇందులోని టానిన్లు (ఇందాక చెప్పిన వగరు పదార్థాలు) వేడి యాసిడ్‌లో విరిగి ఎలాజిక్ ఆమ్లంగా మారతాయి. అది కరగదు, పసుపు మడ్డిలా తొట్టి అడుగున పేరుకుంటుంది. రెండోది, తొట్టిలో ఉన్నంతసేపూ ముక్క శుభ్రంగానే కనిపిస్తుంది, నీళ్లలో జాడించగానే నీలి నలుపు మరకలు తేలతాయి. బలమైన యాసిడ్‌లో టానిన్, ఇనుము జత కట్టలేవు. కడిగేటప్పుడు పులుపు తగ్గగానే కట్టేస్తాయి. ఆ ముక్క ప్లేటింగ్‌కు వెళ్లేదైతే పొర సరిగా అంటదు. పెయింట్‌కు వెళ్లేదైతే అంత నష్టం లేదు.

*బత్తాయి తొక్క.* నల్లగొండ బత్తాయి నగరంలో ఏ మూల చూసినా ఉంటుంది, అందుకే అందరి చూపూ ముందు దీని మీదే పడుతుంది. పరిశోధనల్లో దీనికి మంచి ఫలితాలే వచ్చాయి. షాపులో మాత్రం ఏడిపిస్తుంది. పెక్టిన్ వల్ల కషాయం జిగురుగా మారి వడకట్టడానికి గంటలు పడుతుంది. తొక్క నూనె పైన తేలి ముక్కల మీద జిడ్డు చారలు వదులుతుంది. ఆరడానికి చాలా రోజులు పడుతుంది, వానాకాలంలో ఆరకముందే ఆకుపచ్చ బూజు పడుతుంది. వేరే ఏమీ దొరకకపోతేనే దీన్ని ఎంచుకోండి. అప్పుడు కూడా 60 డిగ్రీల వేడిలో పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టాకే వాడండి.

*టీ పిప్పి.* ఇక్కడ హైదరాబాద్‌కు ఒక సొంత సౌకర్యం ఉంది. ఇరానీ హోటల్లో డికాషన్ వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలుపుతారు. అంటే ఆ పిప్పిలో పాలు ఉండవు. బండి మీద పాలూ ఆకూ కలిపి మరిగించిన పిప్పి దీనికి పనికిరాదు. పాల ప్రోటీన్లు టానిన్‌ను పట్టేసుకుంటాయి, మిగిలింది కుళ్లిపోతుంది. అయితే ఇరానీ డికాషన్ గంటల తరబడి దమ్ములో ఉంటుంది కాబట్టి ఆకులోని సత్తువ చాలావరకు కప్పులోకే పోయి ఉంటుంది. దానిమ్మ తొక్క పొడి 50 గ్రాములు వాడే చోట ఈ ఎండు పిప్పి కనీసం 100 గ్రాములతో మొదలుపెట్టండి.

కాఫీ పిప్పిలో నూనె ఎక్కువ, తీసేయకపోతే జిడ్డు. అరటి తొక్క నల్లబడి పులుస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. ఇలాంటి తడి, తీపి వ్యర్థాలకు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఉన్నట్టు బయోగ్యాస్ ప్లాంటే సరైన చోటు. అక్కడ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో మార్కెట్ వ్యర్థం నుంచి కరెంటు తీస్తున్నారు.

కషాయం తీసే పద్ధతి

పొట్టు లేదా తొక్క పెళుసుగా ఎండాక మిక్సీలో పొడి చేసి జల్లించండి. లీటరు నీటికి 50 గ్రాముల పొడి. ఆర్వో నీళ్లో డిస్టిల్డ్ నీళ్లో వాడాలి. మన బోరునీళ్లలోని కాల్షియం, ఇనుము కొంత టానిన్‌ను ముందే పట్టేసి మడ్డిగా దించేస్తాయి. 60 నుంచి 70 డిగ్రీల మధ్య గంటన్నర పాటు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచండి. తెర్లించకండి, తెర్లితే పిండి పదార్థం, జిగురు ఎక్కువగా దిగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గాజు పాత్రలోనే కాయండి. ఇనుప మూకుడులో కాస్తే కషాయం ఆ మూకుడునే పట్టుకుని నల్లబడుతుంది. చల్లారాక ముందు గుడ్డతో, తర్వాత ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. మిగిలిన పిప్పి యాసిడ్ తగలనిది కాబట్టి నిశ్చింతగా ఎరువు గుంతలో వేయొచ్చు.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు: కషాయం ఎంత చిక్కగా ఉందో తూచాలి. బరువు తెలిసిన చిన్న గాజు గిన్నెలో 10 మి.లీ. పోసి 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టండి. ఉదాహరణకు 0.12 గ్రాములు మిగిలితే కషాయంలో లీటరుకు 12 గ్రాముల సారం ఉన్నట్టు. తొట్టిలో లీటరుకు 1 గ్రాము కావాలంటే లీటరుకు 83 మి.లీ. కషాయం పోయాలి. దీన్ని అదనంగా పోస్తే యాసిడ్ పల్చబడుతుంది, కాబట్టి యాసిడ్ కలిపేటప్పుడు పోసే నీళ్లలో అంత తగ్గించుకోండి. ఇథనాల్‌తో తీసిన కషాయమైతే ముందు ఆ ఇథనాల్‌ను ఆవిరి చేసేయాలి.

ఈ బరువు మొత్తం సారం చెబుతుంది, అందులో వగరు ఎంతో చెప్పదు. అందుకు అన్నభేది నీళ్లు చాలు. గాలి తగిలి కాస్త పసుపెక్కిన అన్నభేది ద్రావణం ఒక చుక్క పల్చటి కషాయంలో వేయండి. దానిమ్మ నీలి నలుపుగా, చింతగింజ పొట్టు ఆకుపచ్చ ఛాయ నలుపుగా తిరుగుతాయి. గత వారం తీసినదాని పక్కన పెట్టి చూస్తే రంగు పేలవంగా ఉందో లేదో కంటికే తెలుస్తుంది. టానిన్ ఉన్నవాటికి ఇది నమ్మదగిన గుర్తు, ఉల్లిపొట్టుకు అంతగా కాదు.

కషాయం ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. పైన పొర కట్టినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయండి. నిలవ చేయాలనుకుంటే పొడినే నిలవ చేయండి, కషాయాన్ని కాదు.

మీ తొట్టిలో ఎంత పనిచేస్తోందో కొలవండి

పరిశోధన పత్రాల్లో 80 నుంచి 95 శాతం రక్షణ అని కనిపిస్తుంది. ఆ అంకెలు చాలావరకు 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, గది వేడి దగ్గర కొలిచినవి. 1 మోలార్ అంటే సుమారు 3.6 శాతం. షాపు తొట్టి 10 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. పైగా మే నెలలో రేకుల షెడ్డు కింద తొట్టి 40 డిగ్రీలు దాటుతుంది. కషాయం పొరలో చాలా భాగం బలహీనమైన ఆకర్షణతో అంటుకుని ఉంటుంది, వేడి పెరిగితే ఊడిపోతుంది. కాబట్టి ఆ అంకెను మీ తొట్టికి అన్వయించుకోకండి, కొలుచుకోండి.

5 × 2 సెం.మీ., 1 మి.మీ. మందం ఎమ్మెస్ ముక్కలు ఆరు కోయించండి. 220, 400, 600 ఎమెరీ పేపర్లతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ఆరబెట్టి తూచండి. కిరాణా కాటా సరిపోదు, నగల షాపుల్లో వాడే మిల్లీగ్రాము కాటా కావాలి. మూడు ముక్కలు కషాయం లేని యాసిడ్‌లో, మూడు కషాయం ఉన్నదాంట్లో, ఒక్కొక్కటి వేర్వేరు గాజు బీకర్లో, నైలాన్ దారంతో వేలాడదీయాలి. అంచులతో కలిపి ముక్క వైశాల్యం 21.4 చ.సెం.మీ. ఒక్కో చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మి.లీ. ద్రావణం ఉండాలి, అంటే బీకరుకు 500 మి.లీ. తక్కువ పోస్తే యాసిడ్ మధ్యలోనే నీరసపడి, కొలత తప్పుతుంది.

6 గంటల తర్వాత తీసి, మెత్తని బ్రష్‌తో కడిగి, అసిటోన్‌లో ముంచి ఆరబెట్టి తూచండి. కషాయం లేనిచోట 120 మి.గ్రా., ఉన్నచోట 15 మి.గ్రా. తగ్గిందనుకుందాం. 120లోంచి 15 తీసి 120తో భాగిస్తే రక్షణ 87.5 శాతం. ఏడాదికి ఎన్ని మి.మీ. తింటోందో కావాలంటే 87.6ను తగ్గిన మిల్లీగ్రాములతో గుణించి, సాంద్రత 7.86, వైశాల్యం, గంటలు, ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. పై ఉదాహరణలో 10.4 మి.మీ. కాస్తా 1.3 మి.మీ.కు దిగుతుంది. ఇదే పరీక్ష లీటరుకు 0.25, 0.5, 1, 2 గ్రాములతో చేయండి. ఒక స్థాయి దాటాక రక్షణ పెరగడం ఆగిపోతుంది, ఉపరితలంలో ఇక ఖాళీ ఉండదు. అంతకుమించి పోస్తే నురగ, మడ్డి మాత్రమే పెరుగుతాయి. తర్వాత 40 డిగ్రీల దగ్గర, మీ తొట్టి గాఢతలో మళ్లీ చేయండి.

ఇంకో పరీక్ష తప్పనిసరి: తుప్పు పట్టిన ముక్క శుభ్రం కావడానికి కషాయంతోనూ, లేకుండానూ ఎంతసేపు పడుతోంది? ఇనుముతో పాటు తుప్పునూ కాపాడే కషాయం ఎవరికీ అక్కర్లేదు.

తొట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్‌దైతే ఫలితం సాధారణంగా తగ్గుతుంది. హైడ్రోక్లోరిక్‌లో క్లోరైడ్ ముందు ఇనుము మీద కూర్చుని కషాయం అణువులకు మెట్టులా ఉపయోగపడుతుంది. సల్ఫేట్ ఆ పని అంత బాగా చేయదు.

హెక్సమీన్ మానేయాలా?

హెక్సమీన్, థయోయూరియా యాసిడ్ తొట్టిలో ఇదే పనికి వాడే రెడీమేడ్ రసాయనాలు, వీటినే ఇన్‌హిబిటర్లు అంటారు. తొట్టి గది వేడిలోనే ఉండి, గాఢత 5 శాతం లోపు ఉండి, ముక్కలు పెయింట్‌కు వెళ్లేవైతే ఉల్లిపొట్టు కషాయానికి మారమనే మా సలహా. హెక్సమీన్ యాసిడ్‌లో విరిగి ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, థయోయూరియా మీద క్యాన్సర్ అనుమానాలున్నాయి. తొట్టి దగ్గర రోజుకు ఎనిమిది గంటలు నిలబడే మనిషి ఊపిరితిత్తులకు ఇది చిన్న విషయం కాదు. అయితే కషాయం వేసినంత మాత్రాన యాసిడ్ పొగలు తగ్గవు. గాలి తోడే ఫ్యాను, కళ్లద్దాలు, యాసిడ్ గ్లౌజులు అప్పుడూ కావాలి. తొట్టిలోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో వెల్డింగ్ పెట్టకూడదు.

తొట్టి 60 డిగ్రీలకు వేడి చేసేదైనా, గాఢత 10 శాతం దాటినా, రోజూ ఒకే ఫలితం రావాల్సిన పెద్ద ఆర్డరైనా రెడీమేడ్ ఇన్‌హిబిటర్‌తోనే ఉండండి. ఈ వారం పొట్టు వచ్చే వారం పొట్టులా ఉండదు. ప్లేటింగ్‌కు వెళ్లే ముక్కల విషయంలో మాత్రం ఏ ఇన్‌హిబిటర్ వాడినా, కడిగాక వేడి ఆల్కలీ క్లీనింగ్ చేసి, నీళ్లు ముక్క మీద ఎడంలేని పొరలా నిలుస్తున్నాయో లేదో చూడండి. బొట్లుగా విడిపోతే కషాయం ఇంకా అంటుకునే ఉంది. స్ప్రింగులు, హైటెన్సైల్ బోల్టులు హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కుతాయి. వాటిని కషాయం ఉంది కదా అని యాసిడ్‌లో వేయకండి.

తుప్పు పట్టిన గ్రిల్లుకు

ఇక్కడ ఉల్లిపొట్టు వెనక్కి, చింతగింజ పొట్టు, దానిమ్మ తొక్క ముందుకు. ఇందాక యాసిడ్‌లో లోపమన్న నలుపే ఇక్కడ మనకు కావాల్సింది. తుప్పులోని ఇనుముతో టానిన్ కలిసి కరగని నల్లటి ఫెర్రిక్ టానేట్ అవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, చింతపండు గుజ్జు వేరు, గింజ పొట్టు వేరు. ఇత్తడి బిందెను తళతళలాడించే గుజ్జు మరకను కరిగించే పులుపు, అది కాపాడదు. గింజ మీది ఎర్రగోధుమ రంగు పొట్టే వగరు.

లీటరు ఆర్వో నీటిలో 100 గ్రాముల పొడి వేసి 45 నిమిషాలు సన్నని మంట మీద కాచి, వడకట్టి, 400 మి.లీ. మిగిలేదాకా ఇగర్చండి. చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ. కలిపితే తుప్పు సందుల్లోకి ఇంకుతుంది. తర్వాత పీహెచ్ పేపరు 2 నుంచి 2.5 చూపేదాకా ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్క చుక్కగా కలపండి. కొంచెం పులుపు తుప్పులోంచి ఇనుమును కదిలించి టానిన్‌కు అందిస్తుంది. ఎక్కువైతే జత కట్టనివ్వదు.

పొక్కులుగా లేచిన తుప్పును వైర్ బ్రష్‌తో పూర్తిగా రాల్చండి. పూత పై పొరనే మారుస్తుంది, మందపాటి పెచ్చు కింద తుప్పు అలాగే సాగుతుంది. నూనె మరకలు తుడిచి, పొడి రోజున పల్చగా పూయండి. మర్నాటికి ఎరుపు నల్లబడాలి. గోధుమ మచ్చలు మిగిలిన చోట బ్రష్‌తో రుద్ది రెండో పూత వేయండి. ఇంకో రోజు ఆగి, తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. ఈ తుడవడం మానేస్తే మిగిలిన కరిగే సారం పెయింట్ కింద నీళ్లను లాక్కుంటుంది, మొదటి వానాకాలానికే బుడగలు లేస్తాయి. తర్వాత రెండు మూడు రోజుల్లో ప్రైమర్, పైన రెండు కోట్ల ఎనామెల్ పడాలి. నల్లబడింది కదా అని అలాగే వదిలేస్తే కొన్ని వానలకే మళ్లీ ఎర్రబడుతుంది.

రాణీగంజ్‌లో దొరికే రెడీమేడ్ రస్ట్ కన్వర్టర్లలో టానిన్‌తో పాటు పొర కట్టే పాలిమర్ కూడా ఉండేవి ఉంటాయి. ట్యాంకు స్టాండు, మెట్ల కింది యాంగిల్స్ లాంటి బరువు మోసే చోట వాటినే కొనండి. కిటికీ గ్రిల్లు, పూలకుండీల స్టాండు, సైకిల్ క్యారియర్‌కు ఇంట్లో కాచింది చాలు.

వాడిన యాసిడ్ ఏం చేయాలి

తొక్క కషాయం వేశాం కాబట్టి తొట్టి నీళ్లు ప్రకృతికి మేలే అనుకోవడం పొరపాటు. అందులో కరిగిన ఇనుము, మిగిలిన యాసిడ్ ఎప్పటిలాగే ఉంటాయి, అది ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క. యూనిట్లు దాన్ని అనుమతి ఉన్న సంస్థకే అప్పగించాలి, నాలాలోకి వదలకూడదు. పరీక్షకు వాడిన ఒకటి రెండు లీటర్లయితే ప్లాస్టిక్ బకెట్లో, ఆరుబయట, సోడా పొడి కొంచెం కొంచెంగా వేస్తూ పీహెచ్ 7, 8 మధ్యకు తెండి. నురగ పొంగుతుంది కాబట్టి బకెట్ సగం కంటే ఎక్కువ నింపొద్దు. గోధుమ రంగు మడ్డి పేరుకునేందుకు ఒక రాత్రి ఆగి, పైనీళ్లు వంచి, మడ్డిని వేరే సీసాలో ఎండబెట్టి ఆ తొట్టి వ్యర్థంతో పాటే పంపండి.